మీ అక్క పేరుతో వెళ్ళిన నా మాట

జూన్ 3, మంగళవారం

బావమరిదికి,

నువ్వు ఇల్లు కట్టుకున్నప్పుడు మెట్లు వేరే మేస్త్రీ చేత కట్టించావు. అక్క మొగుడు తాపీ మేస్త్రీ అయి ఉండగా పరాయివాణ్ణి పిలిచి మెట్లు కట్టించుకున్నవాడు ఈ భూమ్మీద నువ్వొక్కడివే. "నీకు శ్రమ ఎందుకని బావా" అన్నావు ఆ రోజు. శ్రమట. బతుకంతా ఇటుకలు మోసినవాడికి నాలుగు మెట్లు శ్రమట. ఆ మెట్లలో మూడోది మిగతావాటి కన్నా ఎత్తు. నీకు తెలియదు, నా కాలికి తెలుసు. మీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ తగులుతుంది. ఆ రోజే అనుకున్నాను, వీడు ఊరందరికీ కళ్ళజోళ్ళు పెడతాడు గానీ ఎదురుగా ఉన్న మనిషి వీడికి కనబడడు అని.

సరే, అది పాతది. మర్చిపోయానని మాత్రం అనుకోకు. ఇప్పుడు కొత్తది విను.

నేను నీకు కంప్యూటర్లో ఉత్తరం రాశాను. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ రాశాను. నీ దగ్గర ఉలుకూ పలుకూ లేదు. నాకు రాదనుకుంటున్నావేమో. కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ను ఇంటికి పిలిపించి, కూర్చోబెట్టి, నాకంటూ ఒక ఈమెయిల్ పెట్టించుకున్నాను. మీ అక్కకు తెలియదు. నువ్వు చెప్పకు. నీ షాపు పేజీ తెరిస్తే కింద నీలం రంగులో నీ అడ్రసు ఉంది. దాని మీద నొక్కితే తెల్ల కాగితం లాంటిది తెరుచుకుంటుంది. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టి, పంపించు అన్న చోట నొక్కాను. సర్రున పోయిన చప్పుడు కూడా వచ్చింది. పోయింది కదా. చేరింది కదా. మరి నువ్వు నోట్లో ఏం పెట్టుకున్నావు?

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నాకు సగం వినబడదు, వినబడిన సగం నచ్చదు.

మీ అక్క సంగతి. మీ ఊరి కుట్టు బడిలో బట్టల కటింగ్ నేర్పే ఆవిడ కాన్పుకు వెళ్ళిందని, ఈ టర్ము దాకా వచ్చి నేర్పిపెట్టమని పిలిచారు. "ఈ వయసులో పాఠాలేమిటి" అన్నాను. "ఈ వయసులో నువ్వు కర్రలెక్కి గోడలు కట్టడం లేదా" అంది. పెట్టె సర్దుకుంది. నీ ఇంట్లో దిగింది. అక్కడి నుంచి చేరానని ఒక్క ముక్క రాసింది, అంతే. అందుకని ఆ బడికి కూడా ఒకటి రాశాను. వాళ్ళ పేజీలోనూ కింద నీలం అడ్రసు ఉంది. వాళ్ళూ జవాబివ్వలేదు. మీ ఊళ్ళో అందరికీ మర్యాద ఒకే మాస్టారు నేర్పాడా ఏం?

ఇంట్లో అంతా బాగానే ఉంది. కుక్కర్ మూత ఒకటి పట్టడం లేదు. బలంగా నొక్కితే సొట్టపోయింది. కొత్తది తెచ్చాను, అదీ పట్టడం లేదు. మీ అక్కతో అనకు.

వెంటనే జవాబు రాయి. కాగితం మీద రాయి, కంటికి కనబడేటట్టు.

నీ అక్క మొగుడు


జూన్ 7, శనివారం

బావగారికి మూడో మెట్టు కింద నిలబడి నమస్కరిస్తున్నాను,

మీ కంప్యూటర్ ఉత్తరాలు అందాయి బావా. అన్నీ అందాయి. కాకపోతే మీ పేరుతో కాదు. మా అక్క పేరుతో.

ఏం జరిగిందో చెప్తాను, తిట్టడానికి ముందు వినండి. షాపులో ఒక పెద్దాయనకు కళ్ళు పరీక్ష చేస్తున్నాను. కంప్యూటర్లో అక్క పేరుతో ఉత్తరం వచ్చి పడింది. "నువ్వసలు మనిషివేనా. రాయడానికి చేతులు పడిపోయాయా" అని ఉంది. కింద సంతకం లేదు. నాకు చెమటలు పట్టాయి. పొద్దున్నే కాఫీ చేతికిచ్చి పంపింది, అప్పుడేమీ అనలేదు. ఆ కంగారులో పెద్దాయనకు ఎడమ కంటి అద్దం కుడి కంటికి పెట్టాను. "గోడ మీద రెండు గడియారాలున్నాయేం నాయనా" అన్నాడాయన.

మధ్యాహ్నం ఇంటికి వెళ్తే అక్క వంటింట్లో బీన్స్ తుంచుతోంది.

"అక్కా, నా మీద ఏమైనా కోపమా?" అన్నాను.

"ఇప్పటిదాకా లేదు. వెలుతురుకు అడ్డంగా నిలబడితే వస్తుంది."

"మరి ఆ ఉత్తరం?"

"ఏ ఉత్తరం? ముందు నువ్వు కళ్ళజోడు మార్చుకో."

అబద్ధమాడుతోందనుకున్నాను. "అక్కా, ఏదైనా ఉంటే ఎదురుగా చెప్పు" అని ప్రతి ఉత్తరానికీ జవాబు కొట్టాను. అవన్నీ మీ ఇంట్లో ఉన్న అక్క ఈమెయిల్‌లోకి చేరి ఉంటాయి. ఇక్కడ ఆవిడ దాన్ని తెరవలేదు. పాస్‌వర్డ్ తనకు గుర్తులేదు, మీ కంప్యూటర్‌కే గుర్తుంది. వారం రోజులు ఒకే ఇంట్లో అక్కాతమ్ముళ్ళం ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ అన్నాలు తిన్నాం. మీ కాగితం ఉత్తరం వచ్చాక గానీ సంగతి అర్థం కాలేదు.

తప్పు మీది కాదు, కంప్యూటర్‌ది. మీ ఇంట్లో ఈమెయిల్ రాయడానికి రెండు దారులున్నాయి. అక్క వాడేది విడిగా ఒక ప్రోగ్రాం, అది ఆవిడ పేరు మీద ఉంది. మీది ఇంటర్నెట్ పేజీలో తెరుచుకుంటుంది. ఎక్కడైనా నీలం అడ్రసు మీద నొక్కితే, రెండిట్లో ఏది తెరవాలో కంప్యూటర్‌కు ముందే చెప్పిపెట్టి ఉంటుంది. దాన్ని డిఫాల్ట్ అంటారు. అడగకుండానే ముందు ఎవరు పలుకుతారో, వాళ్ళే డిఫాల్ట్. మీ ఇంట్లో అది మా అక్క. ఇది మీకు కొత్త సంగతేమీ కాదనుకుంటాను.

మార్చడం తేలిక. సెట్టింగ్స్ తెరవండి. అందులో యాప్స్, దానిలో డిఫాల్ట్ యాప్స్. అక్కడ వరసగా బొమ్మలుంటాయి. ఈమెయిల్ అన్న వరస చూసి, అక్క ప్రోగ్రాం తీసేసి, మీరు ఇంటర్నెట్ చూసే ప్రోగ్రాం పెట్టండి. అంతే.

ఒక్క మాట బావా. బడికి కూడా రాశానన్నారు. అదీ నీలం అడ్రసు నొక్కే రాశారా? ఏం రాశారు? అక్షరం పోకుండా నాకు రాయండి. బడిలో పెద్ద టీచరు వారం రోజులుగా అక్కతో ముభావంగా ఉంటోందట. నిన్న ఎవరో కొత్తావిడ వచ్చి కటింగ్ బల్లలు చూసుకుని వెళ్ళిందట. అక్క ఏమీ అనలేదు గానీ, రాత్రి అన్నం సగంలో లేచిపోయింది.

మీ బావమరిది


జూన్ 11, బుధవారం

బావమరిదికి,

తేలిక అన్నావు. నీ తేలిక తగలెయ్య.

సెట్టింగ్స్ తెరిచాను. యాప్స్ దొరికింది. వరసగా బొమ్మలున్నాయన్నావు, ఉన్నాయి. ఇంటర్నెట్ బొమ్మ ఒకటి కనబడింది. ఇదే కాబోలని దాన్ని నొక్కి ఇంకోటి పెట్టాను. ఇప్పుడు ఇంటర్నెట్ తెరిస్తే వేరే రంగులో, వేరే రూపంలో తెరుచుకుంటోంది. నా ఈమెయిల్ దగ్గరికి వెళ్తే "మీరెవరు" అని అడుగుతోంది. నా ఇంట్లో నన్ను. నీలం అడ్రసు నొక్కితే మాత్రం యథాప్రకారం మీ అక్కే వస్తోంది. నువ్వు చెప్పింది చేయకముందు పేరు ఒక్కటే తప్పు. చేశాక ఇల్లే తప్పయింది. బాగుచేసే ఆయన్ను పిలుద్దామంటే ఆయన కూతురి ఊరు వెళ్ళాడు, ఇప్పట్లో రాడట. ఇక నువ్వే గతి.

నీ జవాబులు మీ అక్క పెట్టెలో ఉన్నాయన్నావు. ఉండనీ. ఆ ప్రోగ్రాం ఎడమ పక్కన తెరవని ఉత్తరాలు నల్లగా, బొద్దుగా వరసలు కట్టి కనబడుతున్నాయి. నేను తెరవను. ఒకరికి వచ్చిన ఉత్తరం ఇంకొకరు చదవడం మా ఇంటా వంటా లేదు. అది మొగుడైనా సరే.

బడికి ఏం రాశానని అడిగావు. దాచేదేముంది. "ఇంట్లో ఇబ్బందిగా ఉంది. కటింగ్ నేర్పింది చాలు. నెలాఖరుకు వదిలిపెట్టండి, ఇంటికి పోవాలి. వేరే మనిషిని చూసుకోండి." ఇంతే. ఇందులో బూతు ఉందా? అబద్ధం ఉందా? ఇంట్లో ఇబ్బందిగానే ఉంది. బంగాళాదుంపలు ఉడికించుకుని తింటున్నాను. ఉడికితే మాడుతున్నాయి, మాడకపోతే ఉడకడం లేదు. టర్ము నెలాఖరుకు అయిపోతుందని వాళ్ళే అన్నారు. సమయానికి పంపించమన్నాను, అంతే కదా.

మీ అక్క ఏమీ అనలేదు అని రాశావు. నా గురించా? నా ఊసే ఎత్తలేదా? తిన్నాడా, ఉన్నాడా అని కూడా లేదా? సరే. నేనూ ఎత్తను.

ఇక్కడ బేకరీ వాళ్ళ పొయ్యి కడుతున్నాను. లోపలి కమాను ఒక్కోసారి ఒకే చేత్తో పట్టుకోవాలి. ఆ పని చేస్తున్నాను. ఆ పని వచ్చినవాడికి ఈ బొమ్మల వరస రాదంటే నాకే నవ్వు వస్తోంది. నువ్వు నవ్వకు.

పాత ఇంటర్నెట్ ఎలా తెప్పించాలో రాయి.

నీ బావ


జూన్ 14, శనివారం

బావగారికి,

నవ్వడం లేదు. ఈసారి నవ్వే సంగతి కాదు.

మీ ఉత్తరం చదవగానే షాపు మూసేసి బడికి వెళ్ళాను. పెద్ద టీచరు బల్ల వెనక కూర్చుని ఉంది. "మీ అక్కగారే రాశారు కదండీ, నెలాఖరుకు వదిలిపెట్టమని, వేరే మనిషిని చూసుకోమని" అంది. "ఆవిడ్ని ఇక్కడే ఉంచేసుకుందామనుకున్నాం. కాన్పుకు వెళ్ళినావిడ తిరిగి రానంది. అడుగుదామనుకుంటుండగా ఆవిడ ఉత్తరమే వచ్చింది. నాతో ముఖాముఖి ఒక్క మాట అనకుండా ఇలా రాశారేమిటని మనసు కష్టపెట్టుకున్నాను. జవాబు కూడా రాశాను. దానికీ ఉలుకు లేదు."

ఆ జవాబు మీరు తెరవనన్న పెట్టెలో ఉంది బావా.

అది మా బావ రాసింది అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. అక్కను పిలిచింది. అక్క "నేను రాయలేదు" అంది. "మీ పేరుతోనే ఉందమ్మా" అని తెర మీద చూపించింది. అక్క ఆ నాలుగు ముక్కలూ చదివింది. అందులో బంగాళాదుంపలు లేకపోయినా మీరేనని గుర్తుపట్టింది. మొహం ఎర్రబడింది. ఇంటికి వచ్చి, పెద్ద కత్తెర తీసి, సాయంత్రం దాకా నూరుతూ కూర్చుంది. మా ఆవిడ భయపడి పిల్లిని లోపల పెట్టింది.

ఆ తర్వాత నాతో అన్న మాట, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "ఇన్నాళ్ళూ నా తరఫున మాట్లాడేవాడు. ఎవరైనా నన్నేదైనా అడిగితే తనే జవాబు చెప్పేవాడు. ఇప్పుడు నా పేరు కూడా తీసుకున్నాడన్నమాట."

కావాలనే తన పేరుతో రాశారని అక్క అనుకుంటోంది. డిఫాల్ట్, నీలం అడ్రసు అని నేనెంత చెప్పినా "మీ బావను వెనకేసుకు రాకు" అంటోంది.

పెద్ద టీచరు ఒక్క మెట్టు దిగింది. ఇవాళ ఒకలా, రేపు ఒకలా మాట్లాడే మనిషిని పిల్లల ముందు నిలబెట్టలేనంటోంది. నిజంగా మీరే రాసి ఉంటే, మీ పేరుతో, మీ సొంత ఈమెయిల్ నుంచి ఆ ముక్క రాసి పంపమంది. 27, శుక్రవారం దాకా కొత్తావిడకు మాట ఇవ్వనంది. ఆ తర్వాత ఆగనంది.

కాబట్టి త్వరగా చేయండి. మీరు మార్చింది ఈమెయిల్ వరస కాదు, వెబ్ బ్రౌజర్, అంటే ఇంటర్నెట్ చూసే ప్రోగ్రాం వరస. మళ్ళీ అక్కడికే వెళ్ళి, బ్రౌజర్ వరసలో పాతది పెట్టేయండి, మీ ఇల్లు మీకు వచ్చేస్తుంది. ఆ తర్వాత కవరు బొమ్మ ఉన్న వరస చూడండి. ఈమెయిల్ అంటే అదే. అక్కడ బ్రౌజర్ పెట్టండి. ఇవేవీ కుదరకపోతే అసలు నీలం అడ్రసు జోలికే పోకండి. మీ ఈమెయిల్ పేజీలో కొత్త ఉత్తరం అన్నది నొక్కి, బడి అడ్రసు చేత్తో కొట్టండి. ఈ కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాశాను.

మీ బావమరిది


జూన్ 18, బుధవారం

బావమరిదికి,

దొంగ సంతకం పెట్టే మనిషినా నేను? మీ అక్క అలా అందా? ఇంతకాలం కాపురం చేసి నా గురించి తెలుసుకున్నది ఇదా? నేను ఎవడి పేరు వెనకా దాక్కుని మాట్లాడిన రోజు లేదు. కట్టిన ప్రతి గోడ దగ్గరా నిలబడి నేనే కట్టానని చెప్పినవాణ్ణి. వంకర వచ్చిన గోడ దగ్గర కూడా.

ఆవిడ తరఫున మాట్లాడేవాణ్ణట. ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. ఆవిడ ఊరుకుంటుంది. నేను ఊరుకోలేను. అది నేరమా? ఇల్లు ఒక్కటే, కంప్యూటర్ ఒక్కటే. ఇద్దరి నోరూ ఒక్కటేనని ఆ మిషను అనుకుంటే తప్పు నాదా?

సరే, నువ్వు చెప్పినవి చేశాను. పాత ఇంటర్నెట్ వచ్చింది. పేజీ పైన గుండ్రంలో నా పేరు మొదటి అక్షరం మళ్ళీ కనబడింది. ఒక సంగతి ఒప్పుకోవాలి, ప్రాణం లేచి వచ్చింది. కవరు బొమ్మ వరస దొరికింది. అందులో బ్రౌజర్ పెట్టాను. వెళ్ళి నీలం అడ్రసు నొక్కాను. మీ అక్క రాలేదు. నేనూ రాలేదు. ఏమీ లేని తెల్ల పేజీ వచ్చి నిలబడింది. అంతకు ముందు పైన ఒక చిన్న పెట్టె వచ్చి, ఈ పేజీకి అనుమతి ఇస్తావా అని అడిగింది. అడక్కుండా వచ్చి అనుమతి కావాలన్న ప్రతిదాన్నీ వద్దనమని బాగుచేసే ఆయన నాకు మరీ మరీ చెప్పాడు. వద్దన్నాను.

అడ్రసు చేత్తో కొట్టమన్నావు. కొట్టాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు బొమ్మల కింద లెక్క. ఒక్కోటి నీ కాగితంలో చూసి, మీటల్లో వెతికి కొట్టాను. పంపాను. ఊపిరి తీసుకునేలోగా తిరిగి వచ్చింది, చేరలేదని. నువ్వు పెట్టిన చుక్క నేను ఈగ వేసిన మరక అనుకుని వదిలేశాను. మళ్ళీ కొట్టాను. ఈసారి ఇంకేదో తప్పింది. ఇక అలా కుదరదు. గోడ వంకరగా ఉంటే పూత పూసి కప్పేవాణ్ణి కాదు, అసలు దాన్నే సరిచేస్తాను. ఆ తెల్ల పేజీ సంగతి తేల్చు.

కానీ అంతకన్నా ముందు ఇంకోటి తేల్చు. ఉంచేసుకుందామనుకున్నారు అని రాశావు. ఎప్పటికీనా? టర్ము అన్నదే నాతో. ఉంచుకుంటామంటే ఆవిడ ఉంటానంటోందా? ఉండాలని ఉందా ఆవిడకు? నీళ్ళు నమలకుండా రాయి. నేను ఆ ఉత్తరం పంపితే ఆవిడ అక్కడే ఉండిపోతుంది. పంపకపోతే ఇంటికి వస్తుంది. నా వేలు ఒక్కసారి నొక్కడంలో ఉంది అంతా. ఆ సంగతి నీకు తెలుసా, తెలియదా? తెలిసే నాచేత ఈ బొమ్మలు నొక్కిస్తున్నావా?

ఆవిడ నోటి మాట రాసి పంపు. నీ మాట కాదు. అది వచ్చేదాకా నేను దేనిమీదా నొక్కను.

నీ బావ


జూన్ 21, శనివారం

బావగారికి,

నీళ్ళు నమలడం లేదు. అక్కకు ఇక్కడే ఉండాలని ఉంది.

మీ ఉత్తరాలన్నీ అక్కకు చదివి వినిపించాను. మీరు కోప్పడతారని తెలుసు, అయినా చదివాను. "మా ఇంటా వంటా లేదు" అన్న చోట నవ్వింది. తెల్ల పేజీ దగ్గర ఇంకా నవ్వింది. "కంప్యూటర్ నేర్చుకున్నాడా, నాకు తెలియకుండా?" అంది. మీరు చెప్పొద్దన్నది చెప్పేశాను, క్షమించండి. దొంగ సంతకం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపేసింది. అక్కను షాపుకు తీసుకెళ్ళి, నా కంప్యూటర్‌లో మా ఆవిడ ఈమెయిల్ తెరుచుకునేలా పెట్టి, నీలం అడ్రసు నొక్కి చూపించాను. అప్పుడు, "అయితే కావాలని కాదన్నమాట" అంది. "కాదక్కా" అన్నాను. "రాసింది మాత్రం ఆయనేగా" అంది.

అదీ నిజమే కదా బావా.

ఆవిడ నోటి మాట అడిగారు. ఇది. "ఆ పిల్లలు మొదటి రోజు కత్తెర పట్టుకోవడానికి భయపడ్డారు. గుడ్డ ఒకసారి కోస్తే అతకదని. ఇప్పుడు చేయి వణకకుండా కోస్తున్నారు. ఒకమ్మాయి వాళ్ళమ్మకు జాకెట్టు కోసి కుట్టింది, చంక దగ్గర ఒక్క ముడత లేదు. నేను ఇంటిదగ్గర కుట్టిన బట్టలు ఎవరెవరో వేసుకుని తిరిగారు, నా పేరు ఎవరికీ తెలియదు. ఇక్కడ నేను లోపలికి వస్తే లేచి నిలబడతారు. నాకు ఉండాలని ఉంది. ఇంటికి రావాలని కూడా ఉంది. రెండూ నన్నే అడిగితే నేనేం చెప్పను?"

ఇంతే అంది. నేను ఏమీ కలపలేదు.

ఇక తెల్ల పేజీ. మీరు వద్దన్న అనుమతే అసలు కావలసింది. మీ ఈమెయిల్ పేజీ తెరిచి ఉంచండి. పైన అడ్రసు పట్టీ కుడి చివర చిన్న బొమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కితే ఈమెయిల్ లింకులు ఈ పేజీలో తెరవనివ్వాలా అని మళ్ళీ అడుగుతుంది. ఈ ఒక్కదానికి సరే అనండి. ముందు నా షాపు అడ్రసు నొక్కి నాకొకటి పంపి చూడండి. మీ పేరుతో వచ్చిందో లేదో నేను వెంటనే చెప్తాను.

నొక్కడం, నొక్కకపోవడం మీ చేతిలో ఉంది. నేను బలవంతపెట్టను. శుక్రవారం అని మాత్రం మర్చిపోకండి.

మీ బావమరిది

మర్చిపోయాను. తిన్నాడా, ఉన్నాడా అని వచ్చిన మొదటి రోజు నుంచీ రోజూ అడుగుతోంది. మొదట మీరు అడగలేదు కనుక నేను రాయలేదు, అడిగాక ఈ గొడవలో పడి మర్చిపోయాను.


జూన్ 25, బుధవారం

బావమరిదికి,

నువ్వు ఆ చివరి ముక్క మొదటి ఉత్తరంలో రాసి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. అడగలేదు కనుక రాయలేదట. అడిగితే గానీ చెప్పని మనిషివి, నీ దగ్గర కళ్ళు చూపించుకునేవాళ్ళను చూస్తే జాలేస్తోంది.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. బేకరీ పొయ్యి దగ్గర ఇటుకలకు మాలు కలిపి ఉంచినవాణ్ణి, దాని మీద తడి గోనె కప్పేసి ఇంటికి వచ్చాను. చదివాను. గుడ్డ కోస్తే అతకదన్న చోట మళ్ళీ చదివాను. మా పనిలో అంత భయం లేదు, కట్టింది విప్పి కట్టొచ్చు. ఆవిడ ఇన్నేళ్ళు ఆ కత్తెర పట్టుకుని భయం లేకుండా కోస్తుంటే పక్కనే ఉన్నాను, అది భయపడే పని అని నాకు తెలియనే లేదు.

అడ్రసు పట్టీ చివర బొమ్మ ఉంది. నొక్కాను. అనుమతి అడిగింది. ఈసారి ఇచ్చాను. నీ షాపు అడ్రసు నొక్కాను. నా పేజీ, నా పేరు, గుండ్రంలో నా అక్షరం. "చూడు" అని ఒక్క మాట కొట్టి పంపాను. నీ జవాబు వచ్చింది, "మీరే బావా" అని. కంప్యూటర్లో నాకు వచ్చిన మొదటి ఉత్తరం అది. దాన్ని తీసేయకుండా ఉంచాను.

తర్వాత బడి పేజీ తెరిచాను. నీలం అడ్రసు నొక్కాను. ఏం రాశానో నీకు చెప్పాలి, లేకపోతే నన్నే అనుమానిస్తావు. "అమ్మా, నేను మీ కటింగ్ టీచరు భర్తను. తాపీ మేస్త్రీని. ముందు వచ్చిన ఉత్తరం నేను రాశాను. ఆవిడకు తెలియదు. మా కంప్యూటర్ దాన్ని ఆవిడ పేరుతో పంపింది, ఇప్పుడు సరిచేశాను. ఇంటికి పోవాలన్నది నా మాట. ఆవిడ మాట ఆవిడనే అడగండి. పనిలో ఆవిడ చేయి ఎప్పుడూ తప్పలేదు. ఉంచుకుంటే మీకే మంచిది." కింద నా పేరు పూర్తిగా కొట్టాను, ఇంటిపేరుతో సహా.

పంపించు అన్న చోట వేలు పెట్టి కాసేపు ఆగాను. ఆ కాసేపట్లో ఏమనుకున్నానో నీకు అనవసరం. నొక్కాను.

సాయంత్రానికి జవాబు వచ్చింది, నా పేరుకు. అందింది, సంతోషం, ఆవిడతో మాట్లాడాం, ఉంటానన్నారు అని. నీకన్నా ముందు నాకే తెలిసింది చూడు.

ఇక ఇది. దీన్ని కంప్యూటర్లో పెట్టలేదు. ఇది ఎవరి పెట్టెలోనూ నల్లగా పడి ఉండడం నాకిష్టం లేదు. ఈ కాగితం మీ అక్కకు చదివి వినిపించకు. చేతికివ్వు. ఆవిడే చదువుకుంటుంది.

ఇక్కణ్ణుంచి మీ తమ్ముడికి కాదు, నీకే చెప్తున్నాను, చదువుకో. బేకరీ వాళ్ళకు కడుతున్న పొయ్యి రేపో ఎల్లుండో అయిపోతుంది. ఆ తర్వాత ఇక్కడ నాకు పని ఒప్పుకున్నవాళ్ళు లేరు. ఇంటికి తాళం వేస్తే ఇల్లు ఎక్కడికీ పోదు. నా తాపీ, రసమట్టం ఒక సంచిలో పడతాయి. గోడలు లేని ఊరంటూ ఉండదు, మీ ఊళ్ళోనూ నాకు పని దొరుకుతుంది. మీ తమ్ముడి ఇంట్లో ఉండను, వేరే గది చూసుకుందాం, బడికి నడిచి వెళ్ళేంత దూరంలో. నువ్వు సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి బంగాళాదుంపలు ఉడికి ఉంటాయని మాట ఇవ్వలేను. పొయ్యి మీద ఉంటాయని మాత్రం ఇస్తాను.

నన్ను రమ్మంటావా, వద్దంటావా, అది నేను అనుకోను, మీ తమ్ముడు అనకూడదు. నువ్వు అనాలి. నీకంటూ కొత్త ఈమెయిల్ ఒకటి అక్కడే పెట్టించుకో, పాతదాని పాస్‌వర్డ్ ఈ కంప్యూటర్‌తోనే ఉండనీ. రమ్మంటే రమ్మను. వద్దంటే వద్దను, రెండు నెలలాగి మళ్ళీ అడుగుతాను. కానీ ఊరుకోకు. ఊరుకుంటే నీ తరఫున నేనే జవాబు చెప్పుకుంటాను, ఆ పని ఇక చేయనని అనుకున్నాను.

ఆదివారం సాయంత్రం దీపాలు పెట్టే లోపల నీ పేరుతో నా పేరుకు జవాబు రావాలి.

నీ మొగుడు